తల కింద దిండు

నన్ను కొత్తగా చూసినవాళ్లు ముందు మెడ వంక చూస్తారు, తర్వాత మొహమాటపడి చూపు తిప్పుకుంటారు, కాసేపాగి "ఎలా జరిగిందమ్మా" అంటారు. ఎలా జరిగిందో చెప్పడానికి నిమిషం పట్టదు. 2019 నవంబరు 12, మంగళవారం, కార్తీక పౌర్ణమి. తణుకు దగ్గర మా ఊళ్లో తులసికోట ముందు, నేతిలో నానబెట్టిన 365 వత్తుల కట్ట వెలిగించి, పక్క ప్రమిదలో నూనె పోద్దామని వంగాను. కట్టుకున్నది సింథటిక్ చీర. కొంగు జారి మంట మీద పడింది. అంతే. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత సంగతి.

మంట అంటుకోగానే పరిగెత్తాను. పరిగెత్తకూడదట, గాలికి మంట ఇంకా లేస్తుందట. ఆ సమయంలో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి! ఎదురింటి అన్నయ్య దుప్పటి చుట్టి కింద పడేసి ఆర్పారు. మా ఆయన బిందెడు నీళ్లు కుమ్మరించారు. అది సరైన పనే. ఇంకో 20 నిమిషాలు కుళాయి కింద అలాగే ఉంచితే బాగుండేది. కానీ ఎవరో పెద్దావిడ "నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయర్రా" అని కేకేసింది. ఇంకెవరో ఫ్రిజ్‌లోంచి ఇడ్లీ పిండి గిన్నె తెచ్చి కుడి చెయ్యికీ, మెడకీ, ఛాతీకీ పట్టించారు. ఆ నిమిషానికి చల్లగా హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ హాయి ఖరీదు గంట తర్వాత తెలిసింది. నర్సింగ్ హోమ్‌లో ఇద్దరు సిస్టర్లు ఆరిపోయిన పిండినీ, కరిగి అంటుకున్న చీర పీలికలనూ దూదితో రుద్ది రుద్ది తీశారు. అరిచిన అరుపులకి బయట మా అత్తయ్య చెవులు మూసుకుందట.

అది మా టౌన్‌లో అందరం జ్వరాలకీ కాన్పులకీ వెళ్లే నర్సింగ్ హోమే. డాక్టరుగారు చూసి "పైపైనే కాలింది, పది రోజుల్లో ఇంటికెళ్లిపోతావు" అన్నారు. నేనూ నమ్మాను. ఎందుకంటే చెయ్యి భగభగమంటోంది కానీ మెడ కింద, ఛాతీ మీద అసలు నొప్పే లేదు. అక్కడ తక్కువ కాలిందనుకున్నాను. నొప్పి తెలియని చోటే నరాల దాకా కాలిందని, ఆ భాగం దానంతట అది మానదని నాకు చెప్పినవాళ్లు 12 రోజుల తర్వాత విశాఖలో దొరికారు.

ఆ మొదటి రాత్రి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాలినవాళ్లకి మొదటి రోజు సెలైనే ప్రాణం. కాలిన చోట నుంచి ఒంట్లో నీరు ఊటలా బయటికి వచ్చేస్తుంది. ఎంత ఎక్కించాలో లెక్కుంది: మనిషి బరువు, కాలిన శాతం, రెండూ హెచ్చవేసి, దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే అన్ని మిల్లీలీటర్లు మొదటి 24 గంటల్లో ఇవ్వాలి. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. ఆ ఎనిమిది గంటలూ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. నా బరువు 58 కిలోలు. చేయి మొత్తం తొమ్మిది శాతం, మెడ, ఛాతీ, కొంచెం వీపు కూడా కలుపుకుని మొత్తం 24 శాతం అని తర్వాత తేల్చారు. అంటే దాదాపు అయిదున్నర లీటర్లు. నాకు తెల్లారేసరికి ఎక్కింది మూడు అర లీటరు సీసాలు. మంచినీళ్లు అడిగితే "వాంతవుతుంది, వద్దు" అన్నారు. తెల్లవారుజామున బెడ్‌పాన్‌లో వచ్చింది రెండు మూడు చెంచాలు, అదీ డికాక్షన్ రంగులో. సిస్టర్ చూసి పారబోసింది. ఎంత వచ్చిందో ఎక్కడా రాయలేదు. నాలాంటి బరువున్న మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లయినా రావాలి, రాకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. నా కిడ్నీలు ఎలా నిలిచాయో నాకు తెలియదు. అమ్మ మాత్రం సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నానంటుంది.

అదే రాత్రి ఒంటిగంటకి కుడి చేతి వేళ్లు చల్లబడ్డాయి. చెయ్యి వాచి, బంగారు గాజు మణికట్టులోకి దిగబడిపోయింది. మట్టి గాజులు మంటలోనే పగిలిపోయాయి. బంగారు గాజు సంగతి ఎవరికీ తట్టలేదు, చేరిన నిమిషంలో తీసెయ్యాల్సింది. సబ్బు పెట్టి లాగారు, రాలేదు. లాగినకొద్దీ తోలు ఊడి వస్తోంది. చివరికి మా ఆయన మోటార్ సైకిల్ మీద వెళ్లి బజారు వీధిలో కంసాలిని నిద్ర లేపి తీసుకొచ్చారు. ఆయన లుంగీ మీదే వచ్చి, టార్చి లైటు వెలుగులో, గాజు కింద సన్నటి రేకు దూర్చి, చిన్న ఆకురాయితో కోశాడు. పదిహేను నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా చర్మానికి తగలనివ్వలేదు. పని అయ్యాక రెండు ముక్కలూ కాగితంలో పొట్లం కట్టి "బరువు చూసుకోండి బాబూ" అని మా ఆయన చేతికిచ్చాడు. ఆ రాత్రి నాకు సరైన వైద్యం చేసింది ఆయనే అని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత 12 రోజులు ఒకేలా గడిచాయి. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, తెల్ల ఆయింట్‌మెంటు దట్టంగా. దాని మీద పొర కడుతుంది. ఆ పొర చూపించి "మానుతోంది" అనేవారు. ఆ ఆయింట్‌మెంటు మంచిదే, కానీ దాని పొర కింద ఎంత లోతు కాలిందో కనపడదు. చెయ్యి మడిచి, పొట్టకి ఆనించి, మెడ నుంచి గుడ్డతో కట్టారు, అలా ఉంటే నొప్పి తక్కువ. తల కింద దిండు. పడుకుంటే మెడ లాగుతోందని మొదటి రోజే అమ్మ ఇంటి నుంచి తన బూరుగుదూది దిండు తెచ్చింది. రెండోరోజు ఇంకోటి. గడ్డం గుండెకి ఆనుకునేంత ఎత్తులో పడుకుంటే ప్రాణానికి సుఖంగా ఉండేది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "దిండు సరిచెయ్యనా అమ్మా" అని ఇంకాస్త పైకి ఎగదోసి వెళ్లేవారు.

తిండి సంగతి చెప్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు లేదు. పెరుగు జలుబని లేదు. కార్తీక మాసం కాబట్టి గుడ్డు ఊసే లేదు. బీరకాయ కూర, మెత్తటి అన్నం, కాచిన నీళ్లు. కాలిన ఒళ్లు మానడానికి మామూలు కంటే దాదాపు రెట్టింపు మాంసకృత్తులు కావాలి. నేను పథ్యం చేస్తున్నాను. 12 రోజుల్లో 7 కిలోలు తగ్గాను.

ఏడో రోజు నుంచి చలి జ్వరం. తొమ్మిదో రోజు కట్టు విప్పితే గుడ్డ మీద ఆకుపచ్చ మరక. ఒక రకమైన తియ్యటి వాసన, పండి కుళ్లిన పండులా. ఈ వాసన నాకు ఇప్పటికీ ఒక్కోసారి కలలో వస్తుంది. డాక్టరుగారు ఇంజెక్షన్ మార్చారు. బిల్లు రోజూ కట్టించుకుంటున్నారు, నగదే. కాలిన గాయాలకి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందని, కాకపోతే ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలని మాకు ఎవరూ చెప్పలేదు. మా తెల్లకార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది.

పన్నెండో రోజు మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. వాడేమీ చదువుకున్న డాక్టరు కాదు, కొరియర్ ఆఫీసులో పని. గదిలోకి వచ్చి వాసన చూసి, బయటికెళ్లి వాంతి చేసుకుని, మళ్లీ వచ్చి "అంబులెన్స్ మాట్లాడాను, పద" అన్నాడు. నర్సింగ్ హోమ్ వాళ్లు వద్దన్నారు. పట్టుబడితే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: వైద్యుల సలహాకి విరుద్ధంగా మా ఇష్టం మీద వెళ్తున్నామని. దాని విలువేమిటో నాకు తర్వాత తెలిసింది.

విశాఖ అయిదు గంటలు. బర్న్స్ వార్డులో ప్లాస్టిక్ సర్జన్ వచ్చారు. ఆయన మొదట చేసిన పని గాయం చూడటం కాదు. తల కింద చెయ్యి పెట్టి, రెండు దిండ్లూ లాగి, పక్కన కుర్చీలో పడేశారు. నేను కెవ్వుమన్నాను.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే బాబూ," అంది అమ్మ. "నొప్పికి తట్టుకోలేకపోతోందని."

"ఏ భంగిమలో హాయిగా ఉందో ఆ భంగిమలోనే బిగుసుకుపోతుందమ్మా," అన్నారాయన, కోప్పడకుండానే. ఆ పూట నుంచి తలకి దిండు లేదు. భుజాల కింద తువ్వాలు చుట్టపెట్టి తల వెనక్కి వాలేలా పడుకోబెట్టారు, మోచెయ్యి చాపి చెక్క కట్టారు, చెయ్యి చంకకి అంటకుండా పక్కకి చాపి ఉంచారు. శిలువ వేసినట్టే. రాత్రంతా ఏడ్చాను.

అమ్మ ఆ రోజు నుంచి తనని తాను తిట్టుకుంటూనే ఉంది. నా మాట ఇది: దిండు పెట్టింది అమ్మే. కానీ రోజుకి రెండుసార్లు రౌండ్స్‌కి వచ్చిన మనిషి కూడా ఆ దిండు చూశాడు. పన్నెండు రోజులు, ఇరవై నాలుగుసార్లు. అమ్మకి తెలియదు. ఆయనకి తెలిసి ఉండాలి.

విశాఖలో ఇంకో చిక్కు వచ్చింది. కాలిన కేసు వస్తే ఆసుపత్రి పోలీసులకి చెప్పాలి, మెడికో లీగల్ కేసు రాయాలి. నర్సింగ్ హోమ్‌లో "ఎందుకమ్మా స్టేషన్ చుట్టూ తిరగడం" అని మాకేదో సాయం చేస్తున్నట్టు వదిలేశారు. ఇక్కడ మొదలైంది: 12 రోజులు ఎందుకు దాచారు? పెళ్లయిన ఆడమనిషి కదా. మేజిస్ట్రేటు వచ్చారు. అందర్నీ బయటికి పంపి, నాకు స్పృహ ఉందని డాక్టరుతో రాయించుకుని, "ఎవరైనా ఏమైనా చేశారా, భయపడకుండా చెప్పు" అని అడిగారు. తలుపు అద్దంలోంచి మా ఆయన మొహం కనపడుతోంది. మనిషి పాలిపోయి ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అప్పుడు మాత్రం అవమానంగా అనిపించింది. తర్వాత పక్క మంచంలో పిల్లని చూశాక అనిపించలేదు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అడిగినవాళ్లందరికీ "స్టవ్ పేలింది" అనే చెప్పేది, ఎవరూ అడగకపోయినా చెప్పేది. వాళ్లింట్లో ఉన్నది గ్యాస్ స్టవ్. అయిదో రోజు పొద్దున్నకి ఆ మంచం ఖాళీ.

ఇక వైద్యం. గాయం కల్చర్ పరీక్షలో సూడోమోనాస్ అనే బాక్టీరియా అని వచ్చింది, ఆ ఆకుపచ్చ దానిదే. హిమోగ్లోబిన్ 7. రక్తం ఎక్కించారు. డైటీషియన్ వచ్చి రోజుకి ఆరు గుడ్ల తెల్లసొన, పప్పు, పాలు అని రాసిచ్చింది. మా అత్తయ్య "ఇంకా రెండు రోజులమ్మా, పోలి పాడ్యమి అయ్యాక మొదలుపెడదాం" అంది. ఆ అమ్మాయి తెలుగమ్మాయే, "పాడ్యమి దాకా మీ కోడలు ఉండాలి కదండీ" అంది. ఆ మధ్యాహ్నమే అత్తయ్య స్వయంగా గుడ్డు వలిచి నా నోట్లో పెట్టింది.

చచ్చిన చర్మం మొదటి అయిదారు రోజుల్లోనే తీసేసి కొత్త చర్మం అతికిస్తే ఇన్ఫెక్షనూ తగ్గుతుంది, మచ్చా తగ్గుతుందన్నారు. నాకు ఆ గడువు దాటింది కాబట్టి ముందు గాయం శుభ్రం కావాలి. నవంబరు 29న థియేటర్‌లో పాడైన భాగమంతా తీశారు. డిసెంబరు 6న తొడ నుంచి పల్చటి పొర తీసి అతికించారు. ఆ పొరని ఒక యంత్రంలో వేసి తిప్పితే సన్నటి కన్నాలు పడి చేపల వలలా సాగుతుందట. అలా తక్కువ చర్మంతో ఎక్కువ చోటు కప్పొచ్చు. ఇప్పటికీ నా ముంజేతి మీద ఆ వల గళ్లు కనపడతాయి. మా పాప చిన్నప్పుడు వేలితో గళ్లు లెక్కపెట్టేది. అయిదో రోజు కట్టు విప్పారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. సర్జన్ గారు వేలితో మెల్లిగా నొక్కి "పట్టింది" అన్నారు. చంక దగ్గర మాత్రం పోయింది, డిసెంబరు 17న అక్కడ మళ్లీ వేశారు. కాలిన చోటు కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ నొప్పి పెట్టిందంటే చాలామంది నమ్మరు.

సంక్రాంతికి ముందే ఇంటికొచ్చాను. మెడకి కాలర్, చంకకి చెయ్యి పక్కకి చాపి ఉంచే ఏరోప్లేన్ స్ప్లింట్, మచ్చని అదిమి ఉంచడానికి కొలతలు తీసి కుట్టించిన బిగుతు ప్రెషర్ జాకెట్, రోజుకి 23 గంటలు, ఏడాది పైన. రోజూ ఫిజియోథెరపీ. రెండు నెలలు నిష్ఠగా చేశాను. దురద గురించి ఎవరూ ముందు హెచ్చరించలేదు. రాత్రిళ్లు కొబ్బరినూనె పట్టించుకుంటూ, దువ్వెన వెనక వైపుతో రుద్దుకుంటూ కూర్చునేదాన్ని.

మార్చి 22 జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఫిజియోథెరపీ క్లినిక్ మూశారు. వదులైపోయిన జాకెట్ బదులు కొత్తది కుట్టించుకోవడానికి దారి లేదు. మచ్చ బాగా ముడుచుకునే నెలలు అవే. మే ఎండల్లో, చెమట పట్టని అతుకు చర్మం మీద ఆ బిగుతు జాకెట్‌తో ఊపిరాడక, "ఈ పూటకి" అని తీసేసేదాన్ని. ఈ పూట ఆ పూటైంది. ఇది నా తప్పే, ఎవరి మీదా తొయ్యను. కాకపోతే మెడ మొదటి పన్నెండు రోజుల్లోనే పట్టేయకపోతే ఈ తప్పుకి అంత శిక్ష పడేది కాదని సర్జన్ గారు తర్వాత అన్నారు.

జులైకల్లా తల ఎత్తి సీలింగ్ ఫ్యాను చూడలేకపోయాను. కింది పెదవి కిందికి లాగేసి, నిద్రలో చొంగ కారేది. మంచినీళ్లు గ్లాసు ఎత్తి తాగలేక స్ట్రా. జడ అత్తయ్యే వేసేది. మచ్చ ఎర్రదనం తగ్గి మెత్తబడేదాకా ఆపరేషన్ చెయ్యరు, అందుకని 2021 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడమే పెద్ద పనైంది. మామూలుగా మత్తిచ్చి, తల వెనక్కి వంచి, నోట్లోంచి గొట్టం వేస్తారు. నా తల వెనక్కి వంగదు. మత్తిచ్చాక గొట్టం వెయ్యలేకపోతే ఊపిరి ఆగిపోతుంది. అందుకని మెలకువగా ఉండగానే, ముక్కులోనూ గొంతులోనూ తిమ్మిరి మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టం ముక్కులోంచి దించారు. మత్తు డాక్టరమ్మ నా ఎడమ చెయ్యి పట్టుకుని "మింగు, దగ్గకు, ఊపిరి తీసుకో, అయిపోయింది" అని అదే మాట పాటలా అంటూనే ఉంది. అవతల స్క్రీన్ మీద నా గొంతు లోపలి భాగం కనపడుతోంది, తడిగా, గులాబీ రంగులో, కాలినట్టే లేదు. లోపల నేను బాగానే ఉన్నానే అనుకున్నట్టు గుర్తు. మెడ మీద బిగుసుకున్న మచ్చ కోసి, గడ్డం వదిలించి, ఈసారి ఎడమ తొడ నుంచి చర్మం వేశారు. తర్వాత ఏడాది పాటు దిండు లేకుండా పడుకున్నాను.

నర్సింగ్ హోమ్ మీద ఏం చేశారని అడుగుతారు. రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన ఉంది. నాలుగుసార్లు తిరిగితే మూడు కాగితాలిచ్చారు. వాటిలో నా బరువు లేదు, కాలిన శాతం లేదు, కాలిన టైము లేదు, మూత్రం లెక్క లేదు. "పరిస్థితి సంతృప్తికరం, సొంత ఇష్టం మీద వెళ్లారు" అని ఉంది, కింద మా ఆయన సంతకం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు అన్నాడు వకీలు. ఆ రెండేళ్లలో నేను ఆపరేషన్ బల్ల మీదో, లాక్‌డౌన్‌లోనో ఉన్నాను. గడువు దాటింది. మా ఆయన ఇప్పటికీ ఆ వీధి గుండా వెళ్లరు, చుట్టూ తిరిగి వెళ్తారు.

ఇప్పుడు మెడ బాగానే తిరుగుతోంది. చంక ఇంకా పట్టేసి ఉంది. వంటింటి గుమ్మానికి ఒక పక్క మా పాప పొడుగు గీతలు, ఇంకో పక్క నా చెయ్యి గీతలు. ఆదివారం పొద్దున్న గోడకి ఆనుకుని చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తుతాను, అది పెన్సిల్‌తో గీత పెడుతుంది. దాని గీతలు పైకి పోతున్నాయి. నావి ఏడాదిగా ఒకే చోట, గీత మీద గీత పడి అక్కడ నల్లటి చార తేలింది. మళ్లీ చిన్న ఆపరేషన్ అన్నారు. ఈసారి చర్మం వెయ్యనక్కర్లేదట, మచ్చనే జడ్ అక్షరంలా కోసి అటూ ఇటూ మార్చి కుడతారట. పాప పరీక్షలయ్యాక వెళ్లాలి.